సొట్టల లెక్క

పలుచని వంపు పెంకును నొక్కినప్పుడు అది రెండు విధాలుగా దెబ్బతింటుంది. పదార్థం బలం చాలక నలిగిపోవడం ఒకటి. పదార్థం చెక్కుచెదరకుండానే ఆకారం ఉన్నట్టుండి మారిపోయి సొట్టలు పడటం రెండోది. ఈ రెండోదాన్ని ఇంజనీర్లు బక్లింగ్ అంటారు. పెంకు అంటే ఇక్కడ మందం కంటే వంపు వ్యాసార్ధం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్న వస్తువు ఏదైనా సరే: ఆయిల్ మిల్లు ట్యాంకు, నూలు చుట్టే పేపర్ కోను, ఇత్తడి బిందె, కోడిగుడ్డు, రాకెట్ ఇంధనపు ట్యాంకు, గ్రానైట్ కొండ మీది పైపొర. పత్తికీ వేరుశనగ నూనెకూ పేరుపడ్డ ఆదోనిలో, చేనేతకు పేరుపడ్డ ఎమ్మిగనూరులో, ఆ ఊళ్ళ చుట్టూ ఉన్న రాతి గుట్టల్లో వీటిలో చాలామట్టుకు కళ్ళెదుటే ఉంటాయి.

ఏ పెంకు ఎలా చెడుతుందో చాలావరకు ఒకే ఒక్క అంకె చెబుతుంది. వ్యాసార్ధాన్ని మందంతో భాగిస్తే వచ్చే అంకె అది. తళ్ళికోట యుద్ధం తరువాత ఆదోనిని ఏలిన బీజాపూరు సుల్తానులు తమ రాజధానిలో కట్టించిన గోల్ గుంబజ్ గుమ్మటం బయటి వ్యాసం సుమారు 44 మీటర్లు, గోడ మందం సుమారు 3 మీటర్లు. భాగిస్తే 7 వస్తుంది. అంత మందమైన గుమ్మటం పగిలితే పగలవచ్చు గానీ సొట్టబోదు. కోడిగుడ్డు పెంకుకు ఈ అంకె 60 దరిదాపుల్లో ఉంటుంది. కూల్‌డ్రింకు టిన్నుకు 300 దాటుతుంది. 10 మీటర్ల వ్యాసంతో, 6 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో కట్టిన నూనె ట్యాంకుకు 830 పైచిలుకు. మనిషి కట్టిన పెద్ద ట్యాంకు గుడ్డు కంటే పదమూడు, పద్నాలుగింతలు పలుచన అన్నమాట. అంకె వందలు దాటిందంటే లోహం బలం సంగతి వెనక్కిపోతుంది. ఆకారం నిలబడుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

వంపుకు ఇంత బలం ఎక్కడిది? పలుచని రేకును వంచడం సులువు, సాగదీయడం కష్టం. మందం సగానికి తగ్గిస్తే రేకు సాగుడుకు ఇచ్చే ఎదురు సగమే తగ్గుతుంది. వంగుడుకు ఇచ్చే ఎదురు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి పలుచని రేకు వీలైనంతవరకు సాగకుండా వంగే దారినే వెతుక్కుంటుంది. బల్లపరుపు రేకుకు ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గుండ్రని పెంకుకు అది మూసుకుపోతుంది. గోళం లాంటి తలాన్ని ఎక్కడా సాగదీయకుండా, కుదించకుండా చదును చేయడం అసాధ్యమని 1827లో గౌస్ నిరూపించాడు. పెంకు ఆకారం మార్చాలంటే పదార్థాన్ని సాగదీసి తీరాలి, అందుకు చాలా శక్తి కావాలి. పలుచని పెంకు తన బరువుకు ఎన్నో రెట్లు మోయడం ఇందువల్లే. అయితే శక్తి అంతా ఇలా సాగుడులో నిల్వ ఉండటం వల్ల, వంగే దారి ఎక్కడో ఒకచోట దొరికిన క్షణంలో అది మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. కర్రను నొక్కితే మెల్లగా వంగుతుంది, ఆపడానికి వ్యవధి ఇస్తుంది. పెంకు ఆ వ్యవధి ఇవ్వదు.

నిలువునా నొక్కిన స్తంభం ఎంత బరువుకు వంగుతుందో ఆయిలర్ 1744లోనే లెక్క తేల్చాడు. గొట్టం లాంటి పెంకులకు ఆ లెక్క రావడానికి మరో నూట అరవై ఏళ్ళు పట్టింది. 1908లో లోరెంజ్, 1910లో తిమొషెంకో, 1914లో సౌత్‌వెల్ వేర్వేరుగా ఒకే ఫలితానికి చేరారు. ఉక్కు లాంటి లోహాలకు ఆ సూత్రం చాలా చిన్నది: సొట్టబోయే ఒత్తిడి = 0.605 × స్థితిస్థాపక గుణకం × మందం ÷ వ్యాసార్ధం. గొట్టం ఎత్తు ఈ సూత్రంలో లేనే లేదు. పైన చెప్పిన నూనె ట్యాంకుకు దీన్ని వర్తింపజేస్తే 145 మెగాపాస్కల్ వస్తుంది. మామూలు ఉక్కు లొంగిపోయే ఒత్తిడి 250 మెగాపాస్కల్. అంటే లోహం లొంగకముందే ఆకారం లొంగుతుంది. 10 మీటర్ల ఎత్తున్న గోడ బరువు మాత్రం అడుగున ఒక్క మెగాపాస్కల్ కూడా కలిగించదు. ఈ లెక్క ప్రకారం ఆ ట్యాంకుకు పై బరువు వల్ల భయమే ఉండకూడదు. నిజానికి ఆ వైపు నుంచి పెద్ద భయం లేదు కూడా. ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది.

గొట్టాన్ని నిలువునా కాక చుట్టూ బయటి నుంచి నొక్కితే దాని బలం దారుణంగా తగ్గిపోతుంది. 10 మీటర్ల వ్యాసం, 10 మీటర్ల ఎత్తు, 6 మిల్లీమీటర్ల రేకు ఉన్న ట్యాంకు బయటి పీడనానికి ఎంతవరకు ఓర్చుకుంటుందో లెక్క వేస్తే సుమారు 4.6 కిలోపాస్కల్ వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ఇది ఇరవయ్యో వంతు కంటే తక్కువ. అర మీటరు లోతు నీళ్ళు కలిగించే పీడనంతో సమానం. రేకు ఎక్కడా వంకర లేకుండా, పై నుంచి కింద దాకా ఒకే మందంతో ఉందనుకుంటేనే ఈ మాత్రం. పై వరుసల్లో పలుచని రేకు వాడతారు కనుక అసలు ట్యాంకు ఇంకా తక్కువకే లొంగుతుంది.

అంత కొద్ది పీడనం తేడా రావడం ఎంత తేలికో చూడాలి. ట్యాంకు పైకప్పు మీద గాలి రాకపోకలకు వెంట్ ఉంటుంది. దుమ్మో పిట్టగూడో అడ్డుపడి, లేదా రంగులు వేసేటప్పుడు కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పడం మరిచిపోయి ఆ దారి మూసుకుపోయిందనుకుంటే, కింద పంపు నూనెను లాగుతున్నంతసేపూ పైన ఖాళీ పెరుగుతుంది, గాలి పీడనం తగ్గుతుంది. పంపు కూడా అక్కర్లేదు. కర్నూలు పడమటి ప్రాంతపు ఎండాకాలంలో ఖాళీ ట్యాంకులోని గాలి మధ్యాహ్నానికి 50 డిగ్రీలకు చేరి ఉంటే, సాయంత్రం ఉన్నట్టుండి కురిసిన వాన దాన్ని 15 డిగ్రీలు చల్లబరిస్తే, మూసుకుపోయిన ట్యాంకులో పీడనం సుమారు 4.7 కిలోపాస్కల్ పడిపోతుంది. పైన లెక్కగట్టిన హద్దును అది దాటేసింది. నూనె లేదు, బరువు లేదు, ఎవరూ ముట్టుకోలేదు. అయినా ట్యాంకు లోపలికి కూలుతుంది.

అలా కూలిన ట్యాంకు గోడ ఒక క్రమంలో ముడతలు పడుతుంది. చుట్టూ సమానమైన దూరాల్లో పై నుంచి కింద దాకా నిలువు లోయలు ఏర్పడతాయి. వాటి సంఖ్యనూ ముందే చెప్పవచ్చు. మందం తగ్గినా, ఎత్తు తగ్గినా లోయల సంఖ్య పెరుగుతుంది. ఈ ట్యాంకుకు లెక్క ప్రకారం పది లోయలు రావాలి. గోడ తన పైఅంచు, కిందిఅంచు దగ్గర గుండ్రంగానే ఉండాలి కనుక, లోయలు వెడల్పైతే అంచుల దగ్గర సాగుడు ఎక్కువవుతుంది, ఇరుకైతే వంగుడు ఎక్కువవుతుంది. రెండింటి మొత్తం ఎక్కడ అతి తక్కువో అక్కడ సంఖ్య కుదురుకుంటుంది. పెంకుల మీద పడే ప్రతి సొట్టల వరుస వెనుకా ఉండేది సాగుడు, వంగుడుల మధ్య ఈ బేరమే.

బయటి పీడనం వల్ల గొట్టాలు కూలడాన్ని మొట్టమొదట శ్రద్ధగా పరీక్షించినవాడు పత్తి మిల్లుల ఊరు మాంచెస్టర్‌కు చెందిన విలియం ఫెయిర్‌బేర్న్. అతను 1844లో పేటెంటు పొందిన లాంకషైర్ బాయిలరులో నిప్పు మండే గొట్టాలు బాయిలరు లోపలే, ఆవిరి పీడనం మధ్యే ఉంటాయి. అవి కూలి బాయిలర్లు పేలిపోతుంటే, రకరకాల పొడవుల, మందాల గొట్టాలను నీటి పీడనంతో నొక్కి చూసి 1858లో ఫలితాలు ప్రకటించాడు. గొట్టం పొడవు రెట్టింపైతే బలం సగమవుతుందని అప్పుడు తేలింది. అంతవరకు పొడవుకు బలంతో పని లేదనుకునేవారు. పొడవాటి గొట్టానికి మధ్యమధ్య గట్టి కడియాలు బిగిస్తే అది చాలా పొట్టి గొట్టాల వరుసగా పనిచేస్తుంది. నేటి నూనె ట్యాంకుల పైభాగంలో చుట్టూ వెల్డింగు చేసిన ఉక్కు పట్టీ పుట్టుక అదే.

నూలు మిల్లుల్లో ఇదే పీడనం మరో రూపంలో కనిపిస్తుంది. కోను మీద బిగువుగా చుట్టిన ప్రతి పోగూ కోనును లోపలికి నొక్కుతుంది. 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గొట్టం మీద 20 గ్రాముల బరువంత బిగువుతో, పోగు పక్కన పోగు 0.3 మిల్లీమీటర్ల దూరంలో చుడితే, ఒక్క వరుస కలిగించే పీడనం 22 కిలోపాస్కల్. గాలి పీడనంలో అయిదో వంతు కంటే ఎక్కువ. వరుసలు వందల్లో ఉంటాయి. పైవరుసలు కింది వరుసల బిగువును కొంత సడలిస్తాయి కనుక ఈ పీడనాలన్నీ నేరుగా కూడవు. లేకపోతే ఏ పేపర్ కోనూ నిలిచేది కాదు. బిగువు మరీ ఎక్కువైనప్పుడు కోను లోపలికి ముడుచుకుపోతుంది. అయితే ట్యాంకులో లాగా పది లోయలు రావు. చుట్టూ నూలు బిగదీసి ఉండటం వల్ల గోడ బయటికి కదలడానికి వీలుండదు. అందుకని ఒకే ఒక్క లోతైన మడత లోపలికి దిగుతుంది.

ఇక నిలువు నొక్కుడు సంగతి. 1908 నాటి సూత్రం ఎంత అందంగా ఉన్నా, ప్రయోగాలు దాన్ని మన్నించలేదు. విమానాల రేకు నిర్మాణాల కోసం అమెరికాలో 1933లో లండ్‌క్విస్ట్, 1934లో డానెల్ సన్నని గొట్టాలను నొక్కి చూసినప్పుడు, లెక్క చెప్పిన బరువులో సగానికో, మూడో వంతుకో అవి సొట్టబోయాయి. మరీ పలుచని గొట్టాలైతే అయిదో వంతుకే. ఒకే రకంగా చేసిన రెండు గొట్టాలు కూడా ఒకే బరువుకు లొంగలేదు. స్తంభాలకు అచ్చంగా సరిపోయిన సిద్ధాంతం పెంకుల దగ్గర అయిదింతలు తప్పడం ఆ రోజుల్లో ఇంజనీర్లను చాలా కలవరపెట్టింది.

చిక్కుముడిలో మొదటి పోగును కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో తియొడోర్ వాన్ కార్మన్, అతని చైనా శిష్యుడు చియన్ షుయెసెన్ లాగారు. 1939లో గోళాల గురించి, 1941లో గొట్టాల గురించి వాళ్ళు చూపించింది ఇదీ: పెంకు ఒకసారి సొట్టబోయాక దాన్ని ఆ సొట్ట ఆకారంలో నిలపడానికి మొదటి బరువులో చిన్న భాగం చాలు. అంటే హద్దుకు చాలా కిందనే పెంకుకు రెండు నిలకడ స్థితులు ఉంటాయి, ఒకటి నున్ననిది, రెండోది సొట్టలది. చిన్న అదురు, చిన్న వంకర దాన్ని మొదటిదాని నుంచి రెండోదానిలోకి తోసేయగలవు.

రెండో పోగును లాగినవాడు వార్నర్ కోయిటర్. జర్మనీ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో చేసిన పరిశోధనను అతను 1945లో డెల్ఫ్ట్‌లో డాక్టరేటు సిద్ధాంతంగా సమర్పించాడు. డచ్ భాషలో ఉండటం వల్ల ఆ రచన ఇరవై ఏళ్ళకు పైగా బయటి ప్రపంచానికి దాదాపు అందలేదు. 1967లో నాసా దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేయించింది. ఈ రంగంలో అతి ముఖ్యమైన రచనల్లో అది ఒకటి. తయారీలో వచ్చే వంకర పెంకు బలాన్ని ఎంత తినేస్తుందో కోయిటర్ సూత్రం చెబుతుంది. గొట్టం రేకులో మందంలో పదో వంతు ఎత్తున్న సన్నని అలలు ఉంటే చాలు, బలం 61 శాతానికి దిగుతుంది. అలల ఎత్తు మందమంతే ఉంటే మిగిలేది 24 శాతం. 6 మిల్లీమీటర్ల రేకులో పదో వంతు అంటే 0.6 మిల్లీమీటర్లు. వెల్డింగు వేడికి రేకు అతుకు దగ్గర లోపలికి లాక్కుపోవడం అంతకంటే ఎక్కువే ఉంటుంది, అయినా కంటితో చూసి పట్టుకోవడం కష్టం. ప్రయోగాల్లో గొట్టాలు ఒక్కొక్కటి ఒక్కో బరువుకు ఎందుకు లొంగాయో ఇక్కడ తేలింది: ప్రతి గొట్టానికీ దాని వంకర దానిది.

నిలువునా నొక్కిన గొట్టం మీద పడే సొట్టల ఆకారం ప్రత్యేకమైనది. గాజు సీసా చుట్టూ కాస్త వదులుగా కాగితాన్ని చుట్టి, అంచు అతికించి, కాగితాన్ని పై నుంచి కిందికి నెడితే ఆ ఆకారాన్ని ఎవరైనా చూడవచ్చు. మొదట ఒకచోట చిన్న పల్లం పడుతుంది. దాని రెండు పక్కలా అలాంటి పల్లాలే పడి వరుస చుట్టూ తిరిగి వస్తుంది. దాని పైన, కింద మరో వరుస వస్తుంది గానీ, కింది వరుసలో రెండు పల్లాలు కలిసే చోటికి పై వరుసలో పల్లం నడిమి భాగం వస్తుంది. చివరికి గొట్టమంతా వజ్రపు పలకల అల్లికగా మారుతుంది. పల్లాలను దగ్గరగా చూస్తే అవి గుంటలు కావు, చదునైన ముక్కోణపు పలకలు. వంగుడంతా పలకల మధ్య సన్నని మడత గీతల్లోనే ఉంది.

ఈ ఆకారం ఎందుకు వస్తుందో జపాన్‌కు చెందిన యోషిమురా 1951లో వివరించాడు. గొట్టం కాగితాన్ని చుట్టి చేసింది కనుక, చదును పలకలుగా మళ్ళీ మడిచినా కాగితంలో ఏ భాగమూ సాగనక్కర్లేదు. సాగకుండా వంగే దారి పెంకులకు మూసుకుపోయిందని ముందు చెప్పింది గోళాల విషయంలో చాలావరకు నిజం. గొట్టానికి మాత్రం ఈ వజ్రాల అల్లిక రూపంలో అలాంటి దారి ఒకటి మిగిలి ఉంది. గోళపు పెంకుకు మిగిలింది మరో దారి. అందులో ఒక ముక్క అద్దంలో బొమ్మలా లోపలికి తిరగబడుతుంది. తిరగబడ్డ ముక్క వంపు పాత వంపే, దిక్కు మాత్రమే మారింది. ఖర్చంతా దాని చుట్టూ ఉన్న అంచులో ఉంటుంది. కింద పడ్డ ఇత్తడి బిందె మీద గుండ్రని సొట్ట పడటం ఇలాగే. టేబుల్ టెన్నిస్ బంతిని బొటనవేలితో నొక్కితే సొట్ట మొదట గుండ్రంగా ఉండి, లోతు పెరిగేకొద్దీ మూడు, నాలుగు మూలలు తిరుగుతుంది.

యోషిమురా ఆకారం తరువాత పనికొచ్చే వస్తువైంది. విమానశాస్త్రవేత్త కొర్యో మియురా దాని నుంచే మొదలుపెట్టి, ముందే వజ్రాల మడతలు వేసిన గొట్టం పక్క నుంచి వచ్చే నొక్కుడుకు మామూలు గొట్టం కంటే గట్టిగా నిలుస్తుందని చూపించాడు. జపాన్‌లో అమ్మే కొన్ని పానీయాల టిన్నుల మీద మూత తీయగానే వజ్రాల వరుసలు పైకి తేలడం దాని ఫలితమే.

కోయిటర్ లెక్కలో ప్రతి పెంకు వంకరా ముందే కొలిచి ఉండాలి. కట్టని రాకెట్ వంకరను ఎవరూ కొలవలేరు. కాబట్టి 1960ల్లో నాసా అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ పోగుచేసి, అన్నిటికంటే తక్కువ ఫలితాల కింద ఒక గీత గీసింది. ఎస్పీ-8007 అనే ఆ పత్రం 1965లో వచ్చింది, 1968లో సవరించారు. దాని ప్రకారం వ్యాసార్ధం మందానికి 100 రెట్లున్న గొట్టం సిద్ధాంతం చెప్పిన బలంలో 58 శాతాన్ని నమ్ముకోవచ్చు. 500 రెట్లుంటే 32 శాతం. 1000 రెట్లుంటే 22 శాతమే. ఆంధ్ర తీరాన శ్రీహరికోట నుంచి ఎగిరే వాహక నౌకలకూ ఇదే చిక్కు. అక్కడి కేంద్రానికి పేరునిచ్చిన సతీశ్ ధవన్ 1951లో డాక్టరేటు పొందింది వాన్ కార్మన్ పెంచిన ఆ కాల్‌టెక్ ప్రయోగశాలలోనే. ఆ నౌకల్లో ఒకటైన పీఎస్ఎల్‌వీ మొదటి దశ గొట్టం 2.8 మీటర్ల వ్యాసమున్న మారేజింగ్ ఉక్కు. అలాంటి ఉక్కును హైదరాబాదులోని మిధాని తయారుచేస్తుంది. మండే దశలకు లోపలి పీడనం తోడుంటుంది, అది గోడను బయటికి తోసి సొట్టలను అడ్డుకుంటుంది. అలాంటి తోడు లేని నడిమి భాగాలు పైదశల బరువునూ గాలి తాకిడినీ పెంకు బలంతోనే మోయాలి. అందుకే అలాంటి భాగాల్లో కొన్నిటికి లోపలి వైపు ముక్కోణాల పక్కటెముకలు చెక్కుతారు. ఐసోగ్రిడ్ అనే ఆ పద్ధతిలో బరువు పెద్దగా పెరగకుండానే వంగుడుకు ఎదురు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పీడనం మీదే పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో అమెరికావాళ్ళ అట్లాస్ రాకెట్ చూపించింది. దాని ఉక్కు గోడలు ఎంత పలుచన అంటే ఖాళీగా ఉన్నప్పుడు కూడా లోపల వాయువు నింపి ఉంచాలి. 1963 మే 11న వాండెన్‌బర్గ్‌లో ఒక అట్లాస్ పీడనం పోయి, నిలబడ్డ చోటే కుప్పకూలింది.

1960ల నాటి గీత మరీ జాగ్రత్త గీత అని, నేటి తయారీ అప్పటికంటే చాలా మెరుగని తేల్చడానికి 2011 మార్చిలో నాసా 8.4 మీటర్ల వ్యాసమున్న అల్యూమినియం-లిథియం గొట్టాన్ని కావాలనే సొట్టబోయేదాకా నొక్కింది. దాదాపు పది లక్షల పౌండ్ల బరువు పట్టింది. గొట్టం మీద నల్లని, తెల్లని చుక్కలు వేసి, ప్రతి చుక్క కదలికనూ కెమెరాలతో కొలిచారు. వంకరను ముందే కొలిచి కంప్యూటరుకు ఇస్తే బలాన్ని దగ్గరగా చెప్పవచ్చని తేలింది. పలుచని గోడలతో తక్కువ బరువు రాకెట్లు కట్టడానికి దారి అదే.

ఉక్కు నుంచి రాయికి వస్తే, ఇదే లెక్క ఆదోని కొండల మీద తిరగబడి పనిచేస్తుంది. ఊరిని ఆనుకుని ఉన్న కోట గుట్టల్లో ఎత్తైనవి బారఖిల్లా, తాళిబండ. మైదానం మీద అవి సుమారు 800 అడుగులు లేచి ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ ఇది. ఇలాంటి గ్రానైట్ గుట్టల్లో తరచుగా పై తలానికి సమాంతరంగా పగుళ్ళు ఉంటాయి. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని మీద ఒకటి, జానెడు నుంచి నిలువెత్తు మందం దాకా. పైపొర ఊడిపోయిన చోట కింది పొర నున్నని పరుపు బండగా బయటపడుతుంది. భూమి లోతుల్లో పుట్టిన రాయి పైన ఉన్న బరువు తొలగగానే వ్యాకోచించి పొరలుగా విడుతుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఆ మాట సగమే. బరువు తొలగినంత మాత్రాన రాయి పైకి చీలదు, దాన్ని పైకి లాగేదేదో ఉండాలి.

ఆ లాగేది వంపేనని హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ మార్టెల్ లెక్క గట్టాడు. గుండ్రని తలం వెంబడి రాయి రెండు వైపుల నుంచీ నొక్కుడులో ఉంటే, ఆ రెండు నొక్కుళ్ళూ ఒకే సరళరేఖలో లేవు, వంపు వల్ల కాస్త పైకి తిరిగి ఉన్నాయి. వాటి మొత్తం పొరను బయటికి తోస్తుంది. ఆ తోపు నొక్కుడును వ్యాసార్ధంతో భాగించినంత. దానికి ఎదురు నిలిచేది పొర బరువు. ఒక ఘనమీటరు గ్రానైట్ 26 కిలోన్యూటన్లకు పైగా తూగుతుంది. నొక్కుడు 10 మెగాపాస్కల్ అయితే, వంపు వ్యాసార్ధం సుమారు 380 మీటర్ల కంటే తక్కువైన చోట తోపు బరువును మించుతుంది. గుమ్మటంలా రెండు దిక్కులా వంగిన చోట 750 మీటర్లున్నా చాలు. పొర మందం ఈ లెక్కలో కొట్టివేతకు పోతుంది, పలుచని పొరకూ మందపు పొరకూ షరతు ఒక్కటే. కోట గుట్టల గుండ్రదనం ఈ హద్దుకు బాగా లోపల ఉంటుంది. అయితే ఈ లాగుడు చాలా చిన్నది, గట్టి గ్రానైట్‌ను ఒక్క దెబ్బలో చీల్చలేదు. రాయిలో అప్పటికే ఉన్న సన్నని పగుళ్ళ కొసలను వేల ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పొడిగిస్తుంది.

ఎండ దీనికి తోడవుతుంది. గ్రానైట్ పైపొర 25 డిగ్రీలు వేడెక్కితే, పక్కలకు వ్యాకోచించే చోటు లేక దానిలో సుమారు 13 మెగాపాస్కల్ నొక్కుడు పుడుతుంది. పగటి వేడి రాయిలోకి గట్టిగా దిగేది దాదాపు జానెడు లోతుకే. కింద అప్పటికే పగులు ఉండి, జానెడు మందపు పలక విడిగా ఉంటే దాని సంగతి వేరు: అంచులు బిగిసి ఉన్న ఆ పలక విడిన భాగం 23 మీటర్ల అడ్డం దాటితే, 13 మెగాపాస్కల్ నొక్కుడుకే మధ్యలో పైకి లేవగలదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ ద్వీపకల్పంలో గ్రానైట్ గుట్టల మీద ఇలా లేచి నడిమికి విరిగిన పలకలు రెండు వాలుల గుడారాల్లా నిలబడి ఉంటాయి. 2014 ఆగస్టు 3న కాలిఫోర్నియాలోని ట్వెయిన్ హార్ట్ అనే ఊళ్ళో గ్రానైట్ గుట్ట మీది పొర పెద్ద చప్పుడుతో పగిలి లేచింది. ఇలాంటి ఘటన జరుగుతుండగానే వీడియోకు దొరకడం అరుదు. ఆ తరువాత గుట్టకు పరికరాలు బిగించి కొలిచిన భూగర్భ శాస్త్రవేత్తలు, రోజువారీ ఎండ వేడి పోగుపడి పగులును తెగేదాకా తెచ్చిందని 2018లో తేల్చారు.

దక్షిణ భారతపు రాతిపనివాళ్ళు ఈ తోపును లెక్కలు రాకముందు నుంచీ వాడుకున్నారు. బండను నిప్పుతో లేపడం వాళ్ళ పాత పద్ధతి. బెంగళూరు దగ్గర ఒక క్వారీలో చూసిన పనిని వార్త్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1895లో నేచర్ పత్రికలో వర్ణించాడు. పరుపు బండ మీద కట్టెలతో సన్నని మంట వరుస పేర్చి, కాసేపు ఒకేచోట ఉంచుతారు. మంటకు ముందున్న రాతి మీద సుత్తితో తడుతుంటే, పొర కింది రాయి నుంచి విడగానే మోత డొల్లగా మారుతుంది. అప్పుడు మంటను కొన్ని అంగుళాలు ముందుకు జరుపుతారు, మళ్ళీ తడతారు. ఒక్క రోజు పనిలో 740 చదరపు అడుగుల పలక, సగటున 5 అంగుళాల మందంతో లేచింది. కాలిన కట్టెలు సుమారు 760 కిలోలు. లేచిన రాయి దానికి ముప్పై రెట్లు.

మంటను బండంతా పరవకుండా ఒక వరుసగా జరుపుకుంటూ పోవడంలోనే ఆ పనివాళ్ళ నేర్పు ఉంది. 5 అంగుళాల పలక ఒకేసారి సగటున 100 డిగ్రీలు వేడెక్కితే దానిలో 53 మెగాపాస్కల్ నొక్కుడు పుడుతుంది; విడిన భాగం 7 మీటర్లు దాటితే ఆ నొక్కుడుకు పలక మధ్యలో ఉబ్బి విరిగిపోతుంది. జరిగే మంట కింద వేడిగా ఉండేది ఒక సన్నని పట్టీ మాత్రమే. పట్టీలోని నొక్కుడు పగులు కొసను ముందుకు నెడుతుంది, వెనుక విడిపోయిన రాయి చల్లారి నొక్కుడు పోగొట్టుకుని తన చోటనే చదునుగా పడి ఉంటుంది. పలక విరగకుండా, మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మందంతో లేస్తుంది.